రాజ్యమేలింది ఎవరు? మూల్యం చెల్లించింది ఎవరు?

'మనం రాజ్యమేలిన వాళ్లం!' మన ఇళ్లలో ఈ మాట వినకుండా పెరిగిన పిల్లలు తక్కువ. పెళ్లి విందుల్లోనో, ఈద్ నాటి ముచ్చట్లలోనో బుజుర్గులు ఎవరో ఒకరు ఈ మాట అంటారు. దాని వెనకే ఒక నిట్టూర్పు కూడా వస్తుంది. బజార్లోకి వెళితే ఇదే మాట మరో రూపంలో ఎదురవుతుంది. 'మీరు రాజ్యమేలిన వాళ్లు కదా, మీకు రిజర్వేషన్లెందుకు?' అని అడిగేవాళ్లుంటారు. ఇంటి మాటలో గర్వం ఉంది, బజారు మాటలో ఎత్తిపొడుపు ఉంది. రెండింటి పునాది మాత్రం ఒక్కటే. సింహాసనం మీద కూర్చున్నవాడు నమాజు చదివేవాడు గనుక, నమాజు చదివే వాళ్లందరూ సింహాసనం మీద కూర్చున్నట్టే అన్న నమ్మకమే ఆ పునాది.

ఈ నమ్మకం ఎంతవరకు నిజం? రాజ్యాధికారం అంటే ఏమిటి? పాలక వర్గం అని ఎవరిని అనాలి? ఇవి రాజనీతి శాస్త్రం చదివే విద్యార్థులకు మాత్రమే సంబంధించిన ప్రశ్నలని అనుకోవద్దు. మన పిల్లలు తమ గురించి తాము ఏమనుకోవాలి, ఇరుగుపొరుగు వాళ్లు మన గురించి ఏమనుకుంటున్నారు అన్నది ఈ ప్రశ్నలకు మనం చెప్పుకునే జవాబు మీదే ఆధారపడి ఉంది. అందుకు హైదరాబాద్ రాజ్యంకన్నా దగ్గరి ఉదాహరణ మనకు లేదు.

ఇబ్నె ఖల్దూన్ చెప్పిన 'జాహ్'

అధికారం గురించి లోతుగా ఆలోచించిన తొలి తరం మేధావుల్లో ఇబ్నె ఖల్దూన్ ఒకరు. 1332లో ట్యూనిస్‌లో పుట్టి 1406లో కైరోలో కన్నుమూశారు. ఆయన గదిలో కూర్చుని గ్రంథాలు మాత్రమే చదివిన పండితుడు కారు. ఫెజ్, గ్రెనడా దర్బారుల్లో కొలువు చేశారు, జైలుకు వెళ్లారు, కైరోలో ఖాజీగా తీర్పులు చెప్పారు, 1401లో డమాస్కస్ బయట తైమూర్‌ను కలిశారు. రాజ్యాలు లేవడమూ కూలడమూ కళ్లారా చూసిన మనిషి 1377లో రాసిన గ్రంథమే 'ముఖద్దిమా'.

అధికారానికి మూలం 'అసబియ్యత్' అన్నారు ఆయన. అంటే ఒక సమూహాన్ని కట్టిపడేసే ఐక్యత, ఒకరికోసం ఒకరు నిలబడే తత్వం. ఆ ఐక్యతతోనే ఒక సమూహం రాజ్యాన్ని గెలుస్తుంది. కానీ గెలిచాక జరిగేదేమిటి? రాజు తనను గెలిపించిన సొంతవాళ్లనే దూరం పెడతాడు. వాళ్ల స్థానంలో జీతానికి వచ్చినవాళ్లను, తనకు కృతజ్ఞులై ఉండేవాళ్లను పెట్టుకుంటాడు. విలాసాలు పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది, దానికోసం పన్నులు పెరుగుతాయి. రాజ్యం తొలిరోజుల్లో తక్కువ పన్నుతో ఎక్కువ రాబడి వస్తే, చివరిరోజుల్లో ఎక్కువ పన్ను వేసినా రాబడి తగ్గుతుంది. సాధారణంగా మూడు తరాల్లో, అంటే సుమారు 120 ఏళ్లలో, ఒక రాజవంశం తన శక్తిని ఖర్చు చేసుకుంటుందని ఆయన లెక్క వేశారు.

ఇందులో మనకు బాగా పనికొచ్చే మాట మరొకటి ఉంది. అదే 'జాహ్'. అంటే హోదా, పలుకుబడి. హోదా ఉన్నవాడికి సంపద దానంతటదే వచ్చి చేరుతుందని ఇబ్నె ఖల్దూన్ గమనించారు. అతని దయ కోసం జనం ఉచితంగా పనులు చేసిపెడతారు, కానుకలు తెస్తారు. ఆ శ్రమ అంతా అతని ఖజానాలో డబ్బుగా మారుతుంది. ఒకరి శ్రమ ఇంకొకరి సంపదగా మారే ఈ ఏర్పాటును అదుపులో పెట్టుకున్నవాళ్లే పాలక వర్గం. ఇక జనం చేత జీతంలేని చాకిరీ చేయించడాన్ని ఆయన అతిపెద్ద దౌర్జన్యాల్లో ఒకటిగా లెక్కించారు. అది నాగరికతనే నాశనం చేస్తుందన్నారు.

హైదరాబాద్ చరిత్ర తెలిసినవాళ్లకు ఈ రెండు మాటలూ చెవిన పడగానే గుర్తొచ్చేవి ఉంటాయి. ఆసఫ్ జాహ్, ఆస్మాన్ జాహ్, ఖుర్షీద్ జాహ్... మన ప్రభువుల బిరుదుల్లోనే ఆ 'జాహ్' ఉంది. జీతంలేని చాకిరీ అంటే తెలంగాణ పల్లెల్లో వెట్టి.

పై మెట్టు మీద ఎవరున్నారు?

నిజాముల్ ముల్క్ 1724లో దక్కన్‌లో తన అధికారాన్ని స్థిరపరచుకున్నారు. అప్పటి నుంచి 1948 దాకా, 224 ఏళ్లపాటు ఆసఫ్‌జాహీల పేరుతో పాలన సాగింది. కానీ ఆ 224 ఏళ్లలో నిజాం నిజంగా స్వతంత్ర ప్రభువుగా ఉన్నది ఎన్నాళ్లు? 1798లో ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం కుదిరింది. 1800లో ఆ సైన్యం ఖర్చు కింద ఇప్పటి రాయలసీమ ప్రాంతం కంపెనీ చేతికి పోయింది. 1853లో బేరార్ పోయింది. 1926లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బేరార్ విషయంలో తనను బ్రిటిష్ ప్రభుత్వంతో సమానుడిగా చెప్పుకోబోతే, వైస్రాయ్ లార్డ్ రీడింగ్ ఉత్తరం రాసి ఆ మాటను తుంచేశాడు. బ్రిటిష్ రాజరికానిదే పైచేయి, ఏ సంస్థానాధీశుడూ దానితో సమానంగా బేరమాడజాలడని స్పష్టం చేశాడు. ప్రపంచంలో కెల్లా ధనవంతుడని పేరుబడ్డ ప్రభువు పరిస్థితి ఇది. కోఠీలోని రెసిడెన్సీ భవనం చూసినవాళ్లకు అసలు దర్బారు ఎక్కడుండేదో వేరే చెప్పనక్కర్లేదు.

నిజాం కింద అమీరులు. పాయెగా కుటుంబాలు, సాలార్‌జంగ్ కుటుంబం, ఇతర జాగీర్దారులు. రాజ్యం భూమిలో దాదాపు నూటికి పది వంతులు 'సర్ఫెఖాస్', అంటే నిజాం సొంత ఎస్టేటు. దాదాపు ముప్పై వంతులు జాగీరులు. మిగిలిన అరవై వంతులు 'దివానీ', అంటే ప్రభుత్వం నేరుగా శిస్తు వసూలు చేసే భూమి. జాగీర్లలో చాలామందికి సొంత పోలీసు, సొంత కచేరీ, సొంత పన్నులు ఉండేవి.

మరి ఈ పై మెట్టు అంతా ముస్లింలదేనా? మహారాజా చందూలాల్ పంతొమ్మిదో శతాబ్దం మొదటి భాగంలో రాజ్యాన్ని శాసించారు. మహారాజా కిషన్ ప్రసాద్ 1901 నుంచి 1912 దాకా ప్రధానమంత్రిగా, ఆ తర్వాత 1926 నుంచి 1937 దాకా కార్యనిర్వాహక మండలి అధ్యక్షుడిగా పనిచేశారు. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలను హిందూ రాజులు ఏలారు. రాజ్యానికి అప్పులిచ్చిన సాహుకార్లలో గోసాయిలు, మార్వాడీలు ఉన్నారు. పాలక వర్గానికి మతం ఒక్కటి కాదు. దాన్ని కలిపి ఉంచింది భూమి, శిస్తు, హోదా.

ఒక లెక్క చూద్దాం. 1941 జనాభా లెక్కల ప్రకారం రాజ్యం జనాభా సుమారు కోటీ 63 లక్షలు. అందులో ముస్లింలు సుమారు 21 లక్షలు, అంటే నూటికి 13 మంది. జాగీర్లు రద్దయ్యేనాటికి హిందువులవీ ముస్లింలవీ కలిపినా వాటి సంఖ్య రెండువేల లోపే. మరి మిగిలిన లక్షల మంది ముస్లింలు ఏం ఏలారు?

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో, పోలీసుల్లో, సైన్యంలో ముస్లింల సంఖ్య జనాభాలో వాళ్ల వాటాకన్నా చాలా ఎక్కువగా ఉండేది. కచేరీ భాష ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువూ ఉర్దూలోనే. ఉర్దూ వచ్చినవాళ్లకు కొలువు దగ్గర, తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే కోటి మందికి పైగా జనానికి కొలువు దూరం. ఆ అన్యాయాన్ని కాదనడం చరిత్రకు న్యాయం చేయడం కాదు. అయితే కొలువు వేరు, అధికారం వేరు. గడీ ముందు బల్లెం పట్టుకుని నిలబడ్డవాడికీ గడీ లోపల కూర్చున్నవాడికీ ఉన్న తేడా అది. పెద్ద కొలువుల్లో కూడా చాలా కాలం ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లదే పెత్తనం. ముల్కీ, గైర్ ముల్కీ తగాదా పుట్టింది అక్కడే. ఇక్కడ పుట్టిన ముస్లిం యువకుడే తన రాజ్యంలో తనకు ఉద్యోగం లేదని మొరపెట్టుకోవలసి వచ్చింది.

ఊళ్లో ప్రభువు ఎవరు?

రాజధానిలో ఏం జరిగినా, పల్లెలో రైతుకు కనిపించే ప్రభుత్వం వేరు. అక్కడ నిజాం ముఖం ఎవరూ చూడలేదు. చూసింది దేశ్‌ముఖ్‌ను, దేశ్‌పాండేను, పటేల్‌ను, పట్వారీని. మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883 దాకా దివాన్‌గా ఉన్నప్పుడు శిస్తు వసూలు గుత్తలను రద్దుచేసి, జిల్లాలు ఏర్పరచి, జీతగాళ్లయిన అధికారులను పెట్టారు. గొప్ప సంస్కరణే. కానీ గుత్తలు పోయిన దేశ్‌ముఖ్‌లకు పరిహారంగా వతనులు, రుసుములు దక్కాయి. భూముల సర్వేలు జరిగినప్పుడు లెక్కలు చేతిలో ఉన్నవాళ్లు మంచి భూములను తమ పేర రాయించుకున్నారు. వేల ఎకరాల దొరలు అలా తయారయ్యారు. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డికి 40 వేల ఎకరాలున్నాయని పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ పోరాట చరిత్రలో రాశారు.

దొర గడీ ముందు మాదిగలు, మాలలు, చాకళ్లు, మంగళ్లు, కుమ్మర్లు, గొల్లలు అందరూ వంతులవారీగా వెట్టి చేశారు. 'నీ బాంచెన్ కాల్మొక్త' అన్న మాట ఆ గుమ్మం ముందు పుట్టిందే. వెట్టిని నిషేధిస్తూ నిజాం ఫర్మానాలు వెలువడ్డాయి. అవి గడీ గుమ్మం దాటి లోపలికి పోలేదు. ఎందుకంటే ఫర్మానాను అమలు చేయవలసిన పోలీసు పటేలూ మాలీ పటేలూ దొర మనుషులే. కాగితం మీద అధికారం నిజాందైతే ఊళ్లో అధికారం దొరది.

దూదేకుల సాయిబు, గాజులమ్మే సాయిబు, కసాయి, ఫకీరు, రెండెకరాల రైతు... పల్లెల్లో ముస్లింలంటే వీళ్లే. రాజధానిలో ఉర్దూ షాయిరీ వినిపించే మహల్‌కూ వీళ్ల గుడిసెకూ మధ్య దూరం ఎంతో, అదే రాజధానికీ చాకలి ఐలమ్మ గుడిసెకూ మధ్య దూరం కూడా.

బందగీ చెప్పిన జవాబు

దీనికి సాక్ష్యంగా ఒక్క పేరు చాలు. షేక్ బందగీ. జనగామ తాలూకా కామారెడ్డిగూడెంలో చిన్న రైతు. దాయాదులతో భూమి తగాదా వస్తే, విసునూరు దేశ్‌ముఖ్ అవతలి పక్షం వహించాడు. దొర మాట అన్నాక తల వంచడమే ఆనాటి రివాజు. బందగీ తల వంచలేదు. కోర్టుకు వెళ్లాడు, ఏళ్ల తరబడి పోరాడాడు, గెలిచాడు. గెలిచినందుకు 1940 ప్రాంతంలో దొర మనుషులు ఆయన్ను దారికాచి నరికి చంపారు. అప్పటికి సాయుధ పోరాటం ఇంకా మొదలుకాలేదు. ఆ తర్వాత కొన్నేళ్లకు అదే దొర పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంట మీదికి మనుషులను పంపాడు. ఆయన గూండాల కాల్పుల్లోనే 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు.

ఒక ముస్లిం, ఒక చాకలి, ఒక కురుమ. ముగ్గురి మీదా చెయ్యెత్తింది ఒకే గడీ. బందగీ పేరు 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మాభూమి' నాటకానికి ప్రేరణ అయింది. సింహాసనం మీద ఉన్నది మన మతస్థుడైనా, ఆ రాజ్యంలో బందగీకి ప్రాణరక్షణ లేదు. దొర మతం వేరైనా, ఆ రాజ్యపు పోలీసు దొరకే కాపలా కాసింది. రాజ్యం ఎవరిదో తేల్చడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

'నేనే ప్రభువును' అన్న భ్రమ

సరిగ్గా అదే కాలంలో పట్నంలో ఒక కొత్త సిద్ధాంతం వినిపించింది. మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ వేదిక మీద బహదూర్ యార్‌జంగ్ దాన్ని గొప్ప వాగ్ధాటితో చెప్పారు. రాజ్యాధికారం నిజాం ఒక్కడిది కాదు, దక్కన్‌లోని ముస్లిం సముదాయానిది, నిజాం దానికి చిహ్నం మాత్రమే అన్నది దాని సారం. 'అనల్ మాలిక్', అంటే నేనే ప్రభువును అన్నది దాని నినాదం.

బహదూర్ యార్‌జంగ్ చిత్తశుద్ధిని శంకించనక్కర్లేదు. స్వయంగా జాగీర్దారై ఉండి కూడా బిరుదును, జాగీరును వదులుకున్న మనిషి. 1944లో ఆయన కన్నుమూసేనాటికి పేద ముస్లింల గుండెల్లో ఆయనకు గొప్ప చోటుంది. కానీ ఆ సిద్ధాంతం చేసిన పనేమిటి? రిక్షా తొక్కేవాడికి, బీడీలు చుట్టేవాడికి, నెలకు కొద్ది రూపాయల జీతం తీసుకునే కానిస్టేబులుకు 'నువ్వే ప్రభువు' అని చెప్పింది. అతని చేతికి ఎకరం భూమి ఇవ్వలేదు, బడి ఇవ్వలేదు, పన్నుల మీద మాట ఇవ్వలేదు. ప్రభువునన్న భావన మాత్రం ఇచ్చింది. భావన తీసుకున్నందుకు బదులుగా అతను తన ఇరుగుపొరుగు రైతు స్నేహాన్ని వదులుకోవలసి వచ్చింది. అది చాలా ఖరీదైన బేరం.

1946లో మజ్లిస్ నాయకత్వం ఖాసిం రజ్వీ చేతికి వచ్చాక ఆ భావన తుపాకీ పట్టింది. రజాకార్లు పల్లెల మీద పడ్డారు. 1948 ఆగస్టులో ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని భైరాన్‌పల్లిలో రక్తం పారింది. జాగీర్ల రక్షణ కోసం, గడీల రక్షణ కోసం పేద ముస్లిం యువకులు తుపాకులు మోశారు. ఆ గడీల్లో చాలా భాగం తమ మతస్థులవి కావని కూడా వాళ్లకు గుర్తు లేదు.

ఆ హోరులోనూ నిజం చెప్పినవాళ్లు మనలోనే ఉన్నారు. 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ భారత యూనియన్‌లో కలవడమే మేలని రాశారు, రజాకార్ల దౌర్జన్యాలను ఖండించారు. 1948 ఆగస్టులో ఒక రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి వస్తుంటే ఆయన్ను చంపారు. రాసిన చేతినే నరికారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. మఖ్దూం మొహియుద్దీన్ కార్మికుల పక్షాన నిలబడి అజ్ఞాతవాసం, జైలు చవిచూశారు. బందగీ, షోయబుల్లా, మఖ్దూం కూడా హైదరాబాద్ ముస్లింలే. 'మనం' అని చెప్పుకునేటప్పుడు ఈ పేర్లు ఎందుకు గుర్తు రావు?

రాజ్యం కూలింది, ఎవరి మీద?

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయారు. ఆ తర్వాత జరిగింది చూస్తే పాలక వర్గం ఎవరో, పాలితులెవరో అద్దంలో కనిపించినట్టు తేలుతుంది.

నిజాం 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్‌గా ఉన్నారు. ఏటా 50 లక్షల రూపాయల రాజభరణం అందింది. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు నిబంధన వచ్చింది. జాగీర్దారులకు వాయిదాల పద్ధతిలో పరిహారం దక్కింది. ఊళ్లు వదిలి పట్నానికి పారిపోయిన దేశ్‌ముఖ్‌లు చాలామంది ఖద్దరు టోపీలు పెట్టుకుని తిరిగి వచ్చారు. పటేల్ పట్వారీ వ్యవస్థకు 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రద్దు ఆర్డినెన్సు తెచ్చేదాకా అది నడుస్తూనే ఉంది.

మరి పేద ముస్లింలకు దక్కిందేమిటి? సైన్యం ప్రవేశించాక మరఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ముస్లింల మీద ప్రతీకార దాడులు జరిగాయి. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ బృందం ఆ జిల్లాలు తిరిగి చూసి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. చనిపోయినవాళ్లలో జాగీర్దారులు ఎంతమంది? దర్జీలు, రైతులు, చిన్న ఉద్యోగులు, వాళ్ల పిల్లలు ఎంతమంది? అడగకుండానే జవాబు తెలుస్తుంది.

ఆంబోతుల కుమ్ములాటలో లేగదూడల కాళ్లు విరిగినట్టు, దెబ్బ కింద మెట్టు మీదే పడింది. సైన్యం రద్దయింది, జాగీరు కచేరీలు మూతపడ్డాయి, ఉర్దూ కచేరీ భాషగా పోయింది. వాటినే నమ్ముకుని వేరే చేతిపని నేర్వని వేల కుటుంబాలు ఒక్కసారి రోడ్డున పడ్డాయి. రాజ్యం లాభం పంచినప్పుడు వాళ్ల వాటా చిటికెడు. రాజ్యం నష్టం పంచినప్పుడు వాళ్ల వాటా బారెడు.

నిజాం ఎన్నడూ ఏలని ముస్లింలు

మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. తెలుగు ముస్లింలందరూ 1948 దాకా నిజాం ప్రజలు కారు. కోస్తా జిల్లాలు 1766 నుంచి, గుంటూరు 1788 నుంచి, సీమ జిల్లాలు 1800 నుంచి కంపెనీ చేతిలో ఉన్నాయి. కర్నూలు నవాబును 1839లో కంపెనీ తొలగించింది. గుంటూరు, ప్రకాశం, కడప ప్రాంతాల్లో దూది ఏకి, చాపలు నేసి, ఎద్దుబండ్లు తోలి బతికిన మన తాతముత్తాతలు ఏ సింహాసనానికీ దగ్గరి వాళ్లు కారు. వాళ్ల మనవలను పట్టుకుని 'మీరు రాజ్యమేలినవాళ్లు' అంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

2006 నవంబరులో వచ్చిన జస్టిస్ సచార్ కమిటీ నివేదిక ఈ సంగతిని దేశమంతటికీ అంకెల్లో చెప్పింది. 2001 లెక్కల ప్రకారం దేశ జనాభాలో ముస్లింలు 13.4 శాతం. ఐఏఎస్‌లో వాళ్లు 3 శాతం, ఐఎఫ్‌ఎస్‌లో 1.8 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం మాత్రమే అని కమిటీ తేల్చింది. దేశంలో అక్షరాస్యత 65.1 శాతం ఉంటే ముస్లింలలో 59.1 శాతం. ఇక 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్లు కల్పించింది. హైకోర్టు దాన్ని కొట్టివేసినా, 2010 నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అవి కొనసాగాయి. ఆ జాబితాను ఒకసారి చూడండి. అత్తరు సాయిబులు, ముస్లిం ధోబీలు, ఫకీర్లు, హజ్జాములు, ఖురేషీలు, షేక్‌లు ఇలా 14 వృత్తి సమూహాలున్నాయి. సయ్యద్, మొఘల్, పఠాన్ వంటి వర్గాలను అందులో చేర్చలేదు. ముస్లింలలో కూడా పై మెట్టు, కింది మెట్టు ఉన్నాయని చట్టమే గుర్తించింది. మనం మాత్రం ఆ సంగతి మాట్లాడుకోవడానికి మొహమాటపడుతుంటాం.

ఖిలాఫత్, ముల్క్

మన ధార్మిక సంప్రదాయంలో పాలక వర్గం గురించి చాలా స్పష్టమైన అవగాహన ఉంది. దివ్య ఖుర్ఆన్ ఫిరౌన్, హామాన్, ఖారూన్ ముగ్గురి పేర్లూ కలిపి ప్రస్తావిస్తుంది. ఒకడు రాజు, ఒకడు రాజుకు సలహాదారు, ఒకడు ధనికుడు. ఇందులో ఖారూన్ ఫిరౌన్ జాతివాడు కాడు. మూసా ప్రవక్త (అ) జాతివాడే. అణగారిన జాతిలో పుట్టి కూడా అతను అణచేవాళ్ల వరుసలో చేరాడు. పాలక వర్గానికి జాతి అడ్డం రాదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

హజ్రత్ అబూబకర్ (ర) ఖలీఫా అయిన మర్నాడు కూడా ఎప్పటిలాగే బట్టల మూట భుజాన వేసుకుని బజారుకు బయలుదేరారని చరిత్రకారులు రాశారు. కుటుంబం గడవడానికి ఆ తర్వాత సహచరులు బైతుల్‌మాల్ నుంచి కొద్దిపాటి భత్యం నిర్ణయించారు. తాను తప్పుచేస్తే సరిదిద్దమని ఆయన తొలి ప్రసంగంలోనే ప్రజలను కోరారు. అధికారం అక్కడ అమానత్, అంటే అప్పగించిన సొమ్ము. కొన్ని దశాబ్దాలు గడిచేసరికి అది తండ్రి నుంచి కొడుకుకు పోయే ఆస్తిగా మారింది. ఖిలాఫత్ ముల్క్‌గా మారిన తీరును ఇబ్నె ఖల్దూన్ కూడా వివరంగా చర్చించారు. ఈ కొలబద్దతో చూస్తే జాగీరు, గడీ, వెట్టి ఉన్న రాజ్యాన్ని ఇస్లామీ రాజ్యం అని పిలవడానికి నోరు రాకూడదు. మహల్ మీద చంద్రవంక ఉన్నంత మాత్రాన లోపల న్యాయం ఉన్నట్టు కాదు.

ఇవాళ అధికారాన్ని ఎలా కొలవాలి?

ప్రజాస్వామ్యం వచ్చింది. రాజు పోయాడు, ఓటు వచ్చింది. కానీ పాత అలవాటు పోలేదు. మన వాడొకడు మంత్రి అయితే చాలు, ఖౌమ్ మొత్తానికి అధికారం వచ్చినట్టు సంబరపడతాం. అతని కారు మీద ఎర్రబుగ్గ వెలిగిన రోజుల్లో మన గల్లీలో దీపం వెలిగిందా అని అడగలేదు. ఇది కూడా 'అనల్ మాలిక్' భ్రమకు తమ్ముడి లాంటిదే.

అధికారాన్ని కొలవడానికి కొన్ని చిన్న ప్రశ్నలు చాలు. మన వాడలో ప్రభుత్వ బడి ఉందా, అందులో టీచర్లు సరిపడా ఉన్నారా? రేషన్ కార్డు కోసం వెళితే మన ఆడవాళ్లకు మర్యాద దక్కుతుందా? పోలీసు స్టేషన్లో మన పిల్లవాడి ఫిర్యాదు రాసుకుంటారా? వఖ్ఫ్ భూములు ఎవరి అధీనంలో ఉన్నాయి, వాటి అద్దె ఎక్కడికి పోతోంది? ఈ చివరి ప్రశ్న అడిగినప్పుడు కబ్జాదారుల్లో మనవాళ్ల పేర్లు కూడా బయటికొస్తే ఉలిక్కిపడవద్దు. ఖారూన్ కథ మనకు తెలిసిందే కదా.

ఈ ప్రశ్నలకు జవాబు రాబట్టే సాధనాలు ఇప్పుడు మన చేతిలో ఉన్నాయి. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణతో గ్రామసభకు రాజ్యాంగంలో చోటు దక్కింది. 2005 నాటి సమాచార హక్కు చట్టంతో పది రూపాయల ఫీజు కట్టి కచేరీ కాగితాలు అడగవచ్చు. బందగీకి ఇవేవీ లేవు. ఆయనకున్నది కోర్టు గుమ్మం ఒక్కటే, దాన్నే నమ్ముకుని దొరను ఓడించాడు. మనకు ఇన్ని దారులున్నా గ్రామసభకు వెళ్లేవాళ్లు ఎంతమంది?

ఆ గ్రామసభలో మన పక్కన కూర్చునేది ఎవరు? ఆనాడు బందగీ పక్కన వెట్టి చేసిన మాదిగ, చాకలి, గొల్ల, కుమ్మరి కుటుంబాల వారసులే. మన అవసరాలూ వాళ్ల అవసరాలూ తొంభై పాళ్లు ఒకటే. వాళ్లతో కలిసి అడిగితే అది అసబియ్యత్. ఒంటరిగా పాత సింహాసనం గురించి తలుచుకుంటే అది నిట్టూర్పు.

అందుకే బుజుర్గులకు ఒక వినతి. పిల్లలకు చరిత్ర చెప్పండి, కానీ మొత్తం చెప్పండి. చౌమహల్లా గురించి చెప్పినప్పుడు కామారెడ్డిగూడెం గురించీ చెప్పండి. నిజాం నగల గురించి చెప్పినప్పుడు షోయబుల్లా కలం గురించీ చెప్పండి. ఇక ఎవరైనా 'మీరు రాజ్యమేలినవాళ్లు కదా' అని ఎత్తిపొడిస్తే మన పిల్లలు తల దించుకోనక్కర్లేదు, ఛాతీ విరుచుకోనూ అక్కర్లేదు. 'ఏలినవాళ్లు వేరు, మేము మీలాగే ఏలుబడి కింద బతికినవాళ్లం. రండి, గ్రామసభలో కలిసి కూర్చుందాం' అని ప్రశాంతంగా జవాబు చెబితే చాలు.